తిత్తిలోని నీళ్లు అయిపోయిన తరువాత

ధ్యాన భాగము : ఆదికాండము 21:8-21



కర్నాటకలోను, తమిళనాడులోను, ఒడిశాలోను, మహారాష్ట్రలోను, యానాములోను తరతరములుగా స్థిరపడిన మన తెలుగు బాప్టిస్టు సంఘములలో, భార్యాభర్తలు వేరువేరుగా నివసించుచున్న కుటుంబము ఒక్కటైనను లేని సంఘము అరుదు. ప్రార్థన కూటములో వారి పేర్లు చదువుదుము. ప్రభువు ఆ కుటుంబమును మరల కలుపవలెనని ప్రార్థించి ఇండ్లకు వెళ్లుదుము. ఆ ప్రార్థన మంచిదే. అయితే ఆ కుటుంబము కలియునంత వరకు ఆ యింటి పిల్లలు ఏమి తినుచున్నారు? వారి బడి ఫీజు ఎవరు కట్టుచున్నారు? జ్వరము వచ్చిన రాత్రి మందుల ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్నలు మన కూటములలో వినబడుట లేదు. ఈ నెల మనము వాటిని గురించియే ధ్యానించుదము.

విడాకులు వాక్యానుసారమా కాదా అను చర్చ ఇక్కడ మా ఉద్దేశము కాదు. విడిపోయిన యింటిలో తప్పు ఎవరిదో తేల్చుటయు మా పని కాదు. తప్పు ఎవరిదైనను, పిల్లవాని అన్నము ఆ తగవులో భాగము కాదు అనునదే మేము చెప్పదలచిన సంగతి.

1. తిత్తి కొలత

అబ్రాహాము హాగరును పంపివేసిన దినమున ఆమెకు ఏమిచ్చెనో వాక్యము స్పష్టముగా చెప్పుచున్నది. కొంత రొట్టె, ఒక తిత్తి నీళ్లు. అంతే. అబ్రాహాము బీదవాడు కాడు. మందలు, పనివారు, వెండి బంగారములు గలవాడు. అతడు కఠినుడును కాడు. తన కుమారుని విషయమై అతనికి మిక్కిలి బాధ కలిగెనని 11వ వచనములో చదువుచున్నాము. బాధ నిజమే. కాని తండ్రి బాధ పిల్లవాని దాహము తీర్చలేదు. తిత్తి ఒక్క దినపు కొలత, అరణ్యము అనేక దినముల ప్రయాణము. బెయేర్షెబా దారిలో నీళ్లు అయిపోయెను, తల్లి బిడ్డను ఒక పొద నీడను విడిచిపెట్టెను.

ప్రియ తండ్రులారా, మనలో కొందరు ఇచ్చునది తిత్తి కొలతయే. క్రిస్మసుకు ఒక జత బట్టలు, పుట్టినరోజుకు ఒక కేకు, ఎప్పుడైనను మనసు కరిగిన దినమున చేతిలో ఐదు వందల రూపాయలు. ఇచ్చినప్పుడు కన్నీళ్లు కూడ వచ్చును. కాని ఇంటి అద్దె ప్రతి నెల వచ్చును, బియ్యము ప్రతి నెల కొనవలెను, ఫీజు ప్రతి జూనులో కట్టవలెను. ప్రేమ ఉన్నదని చెప్పుకొనుట చాలదు, ఆ ప్రేమకు ఒక తేది ఉండవలెను, ఒక మొత్తము ఉండవలెను. కోపము భార్య మీద, ఆకలి పిల్లల మీద పడుట న్యాయమా?

తన యింటివారిని పోషింపనివాడు విశ్వాసమును కాదనినవాడే, అవిశ్వాసికంటె తక్కువవాడే అని పౌలు తిమోతికి వ్రాసిన భావము మనకు తెలిసినదే (1 తిమోతి 5:8). భార్యతో మాటలు లేనప్పుడు ఈ మాట కొట్టివేయబడునని ఆయన వ్రాయలేదు. మార్కు సువార్త 7వ అధ్యాయములో ప్రభువు కొర్బాను సంగతి ఎత్తి పరిసయ్యులను గద్దించెను. తలిదండ్రులకు చేయవలసిన సహాయమును దేవునికి అర్పించితిమని చెప్పి తప్పించుకొను ఆచారమది. అక్కడ తలిదండ్రులు, ఇక్కడ పిల్లలు. కన్న బిడ్డ ఫీజు బాకీ పెట్టి గుడి కట్టడమునకు చందా వ్రాయించు చెయ్యి ఏ చెయ్యి? ఆ కానుక పళ్లెములో పడిన శబ్దము సంఘమునకు వినబడును. దేవునికి వినబడు శబ్దము వేరొకటి.

ఇక్కడ నిజముగా కష్టములోనున్న తండ్రులను గురించియు ఒక మాట చెప్పవలెను. 2001లో కోలారు బంగారు గనులు మూతబడిన తరువాత అక్కడి మన జనులు అనేకులు తెల్లవారక ముందే రైలెక్కి బెంగుళూరు వెళ్లి, రాత్రికి తిరిగి వచ్చుచు బ్రదికిరి. పని పోవుట, జీతము తగ్గుట పాపము కాదు. అట్టివాడు పారిపోవలసిన పని లేదు. పరిస్థితులు మారినప్పుడు భరణపు మొత్తమును మార్చుమని అడుగుటకు చట్టములోనే దారి యున్నది. వెయ్యి ఇయ్యలేనివాడు ఐదు వందలు ఇచ్చి, తన పరిస్థితి దాచక చెప్పుట మర్యాద. ఏమియు చెప్పక ఫోను నంబరు మార్చుట మర్యాద కాదు.

తల్లులకును ఒక మాట. పిల్లవానిని తండ్రికి చూపింపక అడ్డుగోడగా నిలుపుట కూడ వాక్యానుసారము కాదు. పోషణ ఒక సంగతి, చూపు మరియొక సంగతి. చూడనియ్యలేదని తండ్రి డబ్బు ఆపకూడదు. డబ్బు రాలేదని తల్లి బిడ్డ మనసులో విషము పోయకూడదు. ఈ రెంటి నడుమ నలుగుచున్నది చిన్న ప్రాణము.

2. దేవుడు ఎవరి స్వరము వినెను?

ఈ భాగములో ఒక విశేషమున్నది. 16వ వచనములో గొంతెత్తి ఏడ్చినది తల్లి. 17వ వచనములో దేవుడు వినినట్లు చెప్పబడినది చిన్నవాని స్వరము. ఇష్మాయేలు అను పేరునకు దేవుడు వినును అని అర్థము. శారా, హాగరు, అబ్రాహాముల నడుమ జరిగిన తగవులో ఎవరి వాదము ఎంత సరియో అని దేవుడు అక్కడ లెక్క వేయలేదు. పొద క్రింద నున్న బిడ్డ గొంతు వినెను.

మన సంఘములలో వినబడు మాట వేరు. భర్త వదలి వెళ్లిన సహోదరి భరణము కొరకు కోర్టుకు వెళ్లెదనని చెప్పగానే, ఎవరో ఒకరు 1 కొరింథీయులకు 6వ అధ్యాయము తెరచి చూపుదురు. విశ్వాసి మీద విశ్వాసి అన్యుల యెదుట వ్యాజ్యెమాడకూడదని ఉపదేశింతురు. ఆమె నోరు మూతబడును. ఆ అధ్యాయమును పూర్తిగా చదువుదము. పౌలు అక్కడ ముందు సిగ్గుపరచినది సంఘమును. సహోదరుల మధ్య తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడును లేడా అని ఆయన అడుగుచున్నాడు. కనుక ఆ వాక్యమును పట్టుకొనువారు మొదట తామే ఆ బుద్ధిమంతులై, తండ్రిని పిలిపించి, నెలనెలా డబ్బు బిడ్డకు చేరునట్లు చేయవలెను. అది చేయక తల్లిని మాత్రము ఆపినయెడల, వాక్యములో సగము ఆమె మీద మోపి, మిగిలిన సగము మనము దాచుకొనినట్లే.

మరియు ఆ అధ్యాయములో పౌలు అన్యాయము సహించుమని చెప్పునది పెద్దవారితో. తన అన్యాయమును తాను సహించుట క్రైస్తవ ఓర్పు. బిడ్డకు జరుగు అన్యాయమును బిడ్డ తరపున మనము సహించుట ఓర్పు కాదు. ఆ పౌలే తనకు న్యాయము దొరకదని తెలిసినప్పుడు కైసరు ఎదుట చెప్పుకొందునని అడిగెను (అపొస్తలుల కార్యములు 25వ అధ్యాయము). ప్రభువు ప్రార్థనను గూర్చి బోధించుచు ఎవరిని మాదిరిగా చూపెను? న్యాయాధిపతి గుమ్మము విడువక మాటిమాటికి తిరిగిన విధవరాలిని (లూకా 18వ అధ్యాయము). వాయిదాలకు తిరుగుచున్న మన సహోదరీలు ఆ ఉపమానమును మనకంటె బాగుగా ఎరుగుదురు.

భరణము అడుగుట అనగా కాపురమును తెంచుట అని కొందరు భయపడుదురు. అది పొరపాటు. భరణము కోరుటకు విడాకులు అవసరము లేదు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టము ప్రకారము, రాజీకి అవకాశమున్న చోట భార్యాభర్తలను సమాధానపరచుటకు ప్రయత్నించుట ఆ కోర్టు యొక్క విధి. కాపురము కలియవలెనని ప్రార్థించుచునే, బిడ్డ అన్నము కొరకు దరఖాస్తు పెట్టవచ్చును. ఒకటి రెండవదానికి అడ్డు కాదు.

3. బావి ఉన్నది, కనబడలేదు

దేవుడు హాగరు కన్నులు తెరచెను, అప్పుడు ఆమెకు నీళ్ల బావి కనబడెను. బావి అప్పుడే త్రవ్వబడెనని వాక్యము చెప్పలేదు. ఏడ్పులోను అలసటలోను ఆమె దానిని చూడలేదు. మన తల్లుల స్థితి అట్టిదే. బావి ఉన్నది, ఎక్కడున్నదో చెప్పువారు లేరు. గనుక కొన్ని సంగతులు వివరముగా వ్రాయుచున్నాము. కత్తిరించి బైబిలులో పెట్టుకొనుడి.

కొన్ని దేశములలో పిల్లల పోషణ డబ్బు లెక్కకట్టి వసూలు చేయుటకు ప్రభుత్వ కార్యాలయములే ఉన్నవి. ఆస్ట్రేలియాలో 1988లోను, బ్రిటనులో 1993లోను అట్టి ఏర్పాటు మొదలాయెను. మన దేశములో ఆ పనికి వేరుగా శాఖ లేదు. మనకు ద్వారము కోర్టే. జనులు 125 సెక్షను కేసు అని పిలుచుకొను భరణపు చట్టము 2024 జూలై 1వ తేది నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనుగా అమలులో నున్నది. ఇది అన్ని మతములవారికిని వర్తించును. తన్ను తాను పోషించుకొనలేని భార్య, మైనరు బిడ్డలు, పెద్దవారైనను అంగవైకల్యము చేతనో మానసిక వైకల్యము చేతనో సంపాదించుకొనలేని బిడ్డలు దీని క్రింద అడుగవచ్చును. 1973 నాటి చట్టములో నెలకు 500 రూపాయలు మించకూడదని హద్దు ఉండెను. 2001లో ఆ హద్దు తీసివేయబడెను. కేసు తేలులోపల మధ్యకాలపు భరణము అడుగవచ్చును. దానిని నోటీసు అందిన నాటి నుండి సాధ్యమైనంత వరకు 60 దినములలో తేల్చవలెనని చట్టము చెప్పుచున్నది.

మన వలస కుటుంబములకు ముఖ్యమైన సంగతులు రెండు. భర్త ఏ రాష్ట్రములో నున్నను, భార్య తాను నివసించుచున్న జిల్లాలోనే దరఖాస్తు పెట్టవచ్చును. అట్లే, ఒక చోట ఇచ్చిన ఉత్తర్వును ఆ మనిషి ఉన్న మరియొక చోటి మేజిస్ట్రేటు ద్వారా అమలు చేయించవచ్చును. షోలాపూరులో వచ్చిన ఉత్తర్వు చెన్నైలోను చెల్లును.

2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఒక తీర్పులో, భార్యాభర్తలిద్దరును తమ ఆదాయము, ఆస్తి, అప్పులు ప్రమాణపత్రములో చూపవలెననియు, భరణము దరఖాస్తు పెట్టిన తేది నుండి లెక్కింపవలెననియు నిర్దేశించెను. కనుక నాకు జీతమే లేదని నోటి మాటగా చెప్పి తప్పించుకొనుట మునుపటివలె సులభము కాదు.

ఖర్చును గురించి భయపడువారు వినవలెను. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకును పిల్లలకును, వారి ఆదాయము ఎంతైనను, ఉచిత న్యాయ సహాయము హక్కుగా ఉన్నది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ కార్యాలయముండును. 15100 అను నంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

ఇదంతయు కాగితము మీద. తల్లులు చెప్పు అనుభవము ఇంత సులభముగా లేదు. సమన్లు ఆ చిరునామాలో మనిషి లేడని తిరిగి వచ్చును. వాయిదా వెళ్లిన ప్రతి దినము కూలి పోవును. ఇంటిలో తెలుగు, కాగితము మీద కన్నడమో తమిళమో ఒడియాయో మరాఠీయో. ఎక్కడ సంతకము పెట్టుచున్నదో తెలియక పెట్టిన సహోదరీలు ఉన్నారు. ఉత్తర్వు వచ్చిన తరువాత రెండు మూడు నెలలు డబ్బు వచ్చి, ఆగిపోవును.

మేమెరిగిన ఒక సంఘములో కుట్టుమిషను మీద బ్రదుకు ఒక సహోదరికి ఇద్దరు బిడ్డలు. ఉత్తర్వు వచ్చెను, మూడు నెలలు డబ్బు వచ్చెను, తరువాత నిలిచిపోయెను. అతడు మారుమనస్సు పొందుచున్నాడు, కొంచెము ఓపిక పట్టుమని అక్కడి పెద్దలు ఆమెకు చెప్పిరి. ఆమె రెండు సంవత్సరములు ఓపిక పట్టెను. బకాయి వసూలుకు వారంటు కోరుచు, అది ఇయ్యవలసిన తేది నుండి ఒక సంవత్సరము లోపల దరఖాస్తు పెట్టవలెనను నియమము ఆమెకు ఎవరును చెప్పలేదు. పాత నెలల డబ్బు ఆమెకు చేతికి రాలేదు. ఆ మధ్య పెద్ద కుమారుడు పదవ తరగతి తప్పక చదువవలసినవాడు, బడి మాని లారీ షెడ్డులో చేరెను. ఓపిక పట్టుమన్నవారు మంచివారే. వారి మంచితనము వెల ఆ పిల్లవాడు చెల్లించెను.

వారంటు తరువాతను కట్టనివానిని, ఒక్కొక్క నెల బకాయికి ఒక నెల వరకు జైలుకు పంపు అధికారము మేజిస్ట్రేటుకు ఉన్నది. అంత దూరము పోవలెనని ఎవరును కోరరు. కాని బకాయి ఆగిన మొదటి నెలలోనే కాగితము పెట్టుట తండ్రికి కూడ మేలు. బాకీ చిన్నదిగా నున్నప్పుడు కట్టగలడు, కొండయైనప్పుడు పారిపోవును.

4. సంఘము చేయవలసినది

హాగరు అరణ్యములో ఒంటరిగా నుండెను గనుక దేవదూత ఆకాశము నుండి పిలువవలసి వచ్చెను. మన సహోదరి అరణ్యములో లేదు, మన మధ్య చాప మీద కూర్చుండి యున్నది. ఆమెకు బావి చూపుటకు దేవదూత రానక్కర లేదు.

యెరూషలేము సంఘములో గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రకు అనుదిన భోజనము అందుట లేదని సణుగు పుట్టినప్పుడు, అపొస్తలులు వారిని గద్దింపలేదు. ఏడుగురిని ఏర్పరచి ఆ పనిమీద ఉంచిరి (అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము). భాష వేరైనందున పంపకములో మరువబడిన స్త్రీల కథ అది. పరభాషా ప్రాంతములలో బ్రదుకుచున్న మనకంటె ఆ కథను ఎవరు బాగుగా గ్రహించగలరు? మన డీకన్ల పరిచర్యకు మూలము అక్కడనే చూచుచున్నాము గదా. కాబట్టి సంఘములకు మా మనవి ఇది.

మొదటిది, వివాహపు రిజిస్టరు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము క్రింద మన గుడులలో వ్రాయబడిన వివాహపు పుటకు ధ్రువీకరించిన నకలు కోర్టులో సాక్ష్యముగా చెల్లును. ఎవరు అడిగినను, ఎవరి పక్షము వహింపక, ఆలస్యము చేయక ఆ నకలు ఇయ్యవలెను.

రెండవది, జనన పత్రము. మనము శిశువులకు బాప్తిస్మమియ్యము. ఇతర సంఘములవారికి ఉన్నట్టి శిశు బాప్తిస్మపు రిజిస్టరు మనకు లేదు. శిశు ప్రతిష్ఠ దినమున ప్రార్థించి పంపుటయే గాని, జననము నమోదైనదా అని అడుగుట లేదు. ఇకమీదట ఆ దినముననే అడుగవలెను. ఆలస్యమైనను నమోదు చేయించుటకు చట్టములో మార్గమున్నది.

మూడవది, తోడు. స్త్రీల సమాజములో ఆ రాష్ట్ర భాష చదువనేర్చిన ఒకరు వాయిదా దినమున ఆమెతో వెళ్లవలెను. నూరు ప్రసంగముల కంటె ఆ ఒక్క బస్సు ప్రయాణము ఆమెకు బలము.

నాలుగవది, పెద్దల యెదుట రాజీ కుదిరినయెడల అది నోటి మాటగా విడువక వ్రాయవలెను. ఎంత, ఏ తేదిన, ఏ బ్యాంకు ఖాతాలో అని వ్రాసి ఇద్దరి సంతకములు తీసికొనవలెను. మాట తప్పిన నెలలో ఆమె కోర్టుకు వెళ్లినయెడల పెద్దలు ఆమెను నిందింపకూడదు. డబ్బు అందని నెలలలో బీదల నిధి నుండి ఆ బిడ్డల ఫీజు కట్టుట మన విధి.

ఐదవది మిక్కిలి ముఖ్యమైనది. మనవాడు ఒక ఊరు విడిచి మరియొక ఊరు వెళ్లునప్పుడు సంఘము నుండి సభ్యత్వ బదిలీ ఉత్తరము తీసికొని పోవును. కోర్టు సమన్లకు ఆరు నెలలుగా దొరకని మనిషి, వేరొక రాష్ట్రములో మన సంఘములోనే ఆదివారము ముందు వరుసలో కూర్చుండి పాటలు పాడుచుండును. పోస్టు మనిషికి తెలియని చిరునామా మన సెక్రటరీ పుస్తకములో ఉండును! ఉత్తరము వ్రాయు సంఘము ఆ కుటుంబము సంగతి దాచక వ్రాయవలెను. ఉత్తరము తీసికొను సంఘము అతనిని ప్రక్కకు పిలిచి, సోదరా, నీ పిల్లలు ఎక్కడ ఉన్నారు, వారికి నెలకు ఏమి పంపుచున్నావు అని అడుగవలెను. అవమానపరచుటకు కాదు, అతని ఆత్మను రక్షించుటకు. మన అసోసియేషన్ ఐదు ప్రాంతములలో వ్యాపించియుండుట ఇట్టి పనికి ఉపయోగపడనియెడల, మనము ఒకరికొకరము సహవాస సంఘములమని చెప్పుకొనుటలో బలమేమి?

ముగింపు

ఇష్మాయేలు కథ పొద దగ్గర ముగియలేదు. దేవుడు చిన్నవానికి తోడైయుండెను, అతడు పెరిగి విలుకాడాయెను. ఆదికాండము 25వ అధ్యాయము 9వ వచనమునకు వచ్చునప్పటికి అబ్రాహాము మరణించెను. అతనిని మక్పేలా గుహలో పాతిపెట్టినది ఎవరు? ఇస్సాకును ఇష్మాయేలును కలిసి. ఒక్క తిత్తి నీళ్లతో పంపివేయబడిన కుమారుడు తండ్రి సమాధి యొద్దకు వచ్చి నిలిచెను. ఆ దినమున అతని మనసులో ఏమున్నదో వాక్యము చెప్పలేదు.

ప్రియ తండ్రీ, నీ బిడ్డయు ఒక దినమున నీ యెదుట నిలుచును. నీవు అతని తల్లితో ఎందుకు విడిపోతివో అతడు అప్పటికి మరచిపోవచ్చును. ఆ సంవత్సరములలో నెల మొదటి వారమున ఇంటికి ఏమి చేరెనో, ఏమి చేరలేదో మరువడు. ఈ పత్రిక చదువుచున్న నెలలోనే మొదలు పెట్టుము. ఎంత గలవో అంత, ఒక తేదిన, తప్పక.

పిల్లల గొంతు విను దేవుడు మన చెవులను కూడ తెరచును గాక. బావి చూపు పనిలో మన సంఘములను వాడుకొనును గాక. ఆమేన్.